అడ్డం ఆయనది, నిలువు నాది

మధురవాడలో మా ఫ్లాటుకి పేపరు ఆరున్నరకి వస్తుంది. రాజకీయాలు మా ఆవిడ చదువుకుంటుంది. నాకు లోపలి పేజీలో అడుగున ఉండే గళ్ళ పజిలు చాలు. రిటైరైన ఈ రెండేళ్ళలో చెయ్యి బాగా తిరిగింది. టీ చల్లారేలోపు అడ్డాలూ నిలువులూ అన్నీ నింపేసి, పేపరు మడిచి టీపాయ్ మీద పడేస్తాను. "పావుగంటలో అయిపోయేదాని కోసం తెల్లవారకముందే లేచి తలుపు దగ్గర కాపలా ఎందుకో" అంటుంది మా ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేక కాదు. చెబితే చిన్నతనంగా ఉంటుందని చెప్పను.

నాకు పజిలు పూర్తిచేయడం ఇష్టం లేదు. సగం చేయడం ఇష్టం. మిగతా సగం ఇంకొకరు చేసి ఉంచిన కాగితం డ్రాయరులోంచి తీయడం ఇష్టం. ఆ సుఖం పద్దెనిమిదేళ్ళు అనుభవించి, ఇప్పుడు రెండు సగాలూ నేనే మింగుతుంటే ఒంటికి పట్టడం లేదు.

స్టీల్ ప్లాంటులో నాది రోలింగ్ మిల్లు పైన అద్దాల గదిలో ఉద్యోగం. కింద ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ పరిగెడుతుంటే పైన కూర్చుని మీటలు నొక్కడం. ఆ కుర్చీలో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, వచ్చి నిలబడేదాకా ముందున్నవాడు కుర్చీ దిగకూడదు. దిగితే చార్జిషీటే. నేను ఎవరికి రిలీవరునో ఆయనే నేను చెప్పబోయే మనిషి. ఆయన ఏ షిఫ్టులో ఉంటే దాని తర్వాతి షిఫ్టు నాది. ఆయనది పొద్దుటి షిఫ్టయితే రెండు గంటలకి నేను వెళ్ళి దింపాలి. మేం కలిసి ఉండేది రోజుకి పది నిమిషాలు. అందులోనూ ఐదు నిమిషాలు మిల్లు సంగతులు, ఐదు నిమిషాలు పజిలు.

ఆయనది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం ఇంటి మనిషి. నాది ఒడ్డున వేటకెళ్ళే ఇల్లు. మా ఇంట్లో సముద్రంలోకి వెళ్ళకుండా ఫ్యాక్టరీలోకి వెళ్ళినవాణ్ణి నేనే. ఇద్దరికీ చదువు అంతంత మాత్రం. పజిలు పిచ్చి మాత్రం ఆయనదే, నాకు అంటించాడు. నేను ఆ గదికి మారిన కొత్తలో ఒకరోజు రోలర్లు మార్చడానికి మిల్లు ఆపారు. లాగ్‌బుక్కు కోసం డ్రాయరు తెరిస్తే పేపరు కనిపించింది. అడ్డం గళ్ళన్నీ పెన్సిలుతో నిండి ఉన్నాయి. నిలువు ఆధారాలు ఒక్కటీ ముట్టుకోలేదు. పక్కన బ్లేడుతో చెక్కిన పెన్సిలు. కాలక్షేపానికి నేను నిలువులు నింపి మళ్ళీ అక్కడే పెట్టాను. మర్నాడు కొత్త పేపరు, మళ్ళీ సగమే. అప్పట్నుంచి అడ్డం ఆయనది, నిలువు నాది. ఎవరూ ఒప్పందం రాసుకోలేదు గాని, కంపెనీ రూల్సు తప్పాం తప్ప ఆ రూలు తప్పలేదు.

ఇంకో రూలు కూడా ఉంది. ఒకరి గళ్ళలో ఇంకొకరు దిద్దకూడదు. తప్పనిపిస్తే గడి మూల చిన్న చుక్క పెట్టాలి, అంతే. రాసినవాడే చూసుకుని, రాసినవాడే చెరపాలి. ఒకసారి 'సముద్రం ఇచ్చేది, రెండక్షరాలు' అని నిలువులో వచ్చింది. ఇది కూడా ఒక ప్రశ్నేనా అని 'చేప' అని రాసి పారేశాను. మర్నాడు చూస్తే గడి మూల చుక్క. జవాబు 'ఉప్పు'.

"ఏటి బావా, మీవోలకి సముద్రంలో సేప తప్ప ఇంకేటీ అవుపడదా?" అన్నాడు కుర్చీ దిగుతూ.

నేను ఊరుకుంటానా. వారం తిరక్కుండానే ఆయన అడ్డంలో 'ఆకాశంలో నల్లనిది' అన్నదానికి 'మబ్బు' అని రాస్తే, నేనూ చుక్క పెట్టాను. జవాబు 'కాకి'.

"కాకి కోసం ఎవుడు పైకి సూత్తాడు బావా. మబ్బు కోసం సూత్తాడు గాని" అన్నాడు. ఆ ఏడు వానలు లేవు. నేను నవ్వబోయి ఆపుకున్నాను.

నాగలి పట్టుకునే చోటుని ఏమంటారో నాకు తెలియక ఒకసారి రెండు నిలువు గళ్ళు ఖాళీగా వదిలేశాను. ఆయన డ్రాయరు పిడి గుప్పిట్లో పట్టుకుని, భుజం వంచి కిందికి నొక్కి చూపించాడు. "దీన్ని మేడి అంతారు బావా. ఇది వదిలేత్తే ఎద్దులు ఎటో ఎలిపోతాయి." అలా ఆయన పొలం నాకు పదాల్లో తెలుసు. మా ఒడ్డు ఆయనకి పదాల్లో తెలుసు. ఒకరి ఇంటికి ఒకరం ఎప్పుడూ వెళ్ళలేదు. షిఫ్టు మనుషుల స్నేహం అంతే, ఒకడు వస్తే ఒకడు వెళ్ళాలి.

నాకు ఆలస్యంగా వెళ్ళే జబ్బుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మిగతావాళ్ళయితే ఫోర్‌మన్‌కి చెప్పేవాళ్ళు. ఆయన మాత్రం "పోన్లే, నీ పేరు మీద ఇంకో అడ్డం కొట్టీసినాను" అనేవాడు. కుక్క తోక వంకరలాగే నా అలవాటూ పోలేదు. ఆయన రిటైరయ్యే రోజు కూడా పోలేదు.

ఆ రోజు ఆయనది పొద్దుటి షిఫ్టు. రిటైరయ్యేవాళ్ళకి అందరూ శాలువాలు కొంటారు. నాకు శాలువా ఆనలేదు. మా చిన్నాన్న బోటు వచ్చే రోజది. మంచి వంజరం ఒకటి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాలని పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకెళ్ళి కూర్చున్నాను. బోటు పదకొండు దాటినా రాలేదు. వచ్చాక చేపని ఐసులో పెట్టించి బయలుదేరేసరికి ప్లాంటు బస్సు వెళ్ళిపోయింది. రెండు సిటీ బస్సులు మారి గేటు దగ్గరికి చేరేసరికి రెండున్నర దాటింది. సెక్యూరిటీ వాళ్ళు సంచి విప్పించి, చేపని చూసి నవ్వారు. పైకి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. సన్మానానికి టైమైపోతోందని ఆఫీసువాళ్ళే అతన్ని కూర్చోబెట్టి, ఆయన్ని దింపి, దండ వేసి, కారులో ఇంటికి పంపేశారట.

డ్రాయరులో పేపరుంది. అడ్డాలన్నీ నింపి ఉన్నాయి. పెన్సిలు కూడా అక్కడే వదిలేశాడు. నిలువులు నింపి మళ్ళీ అక్కడే పెట్టాను. మర్నాడు దాన్ని చూసేవాడు లేడు.

నంబరు నా ఫోనులో ఉంది. నాలుగేళ్ళు చేయలేదు. మొదటి నెల సిగ్గుతో చేయలేదు. తర్వాత, ఇంతకాలం చేయనివాణ్ణి ఇప్పుడెలా చేయనని చేయలేదు. రెండేళ్ళ తర్వాత నేనూ రిటైరై మధురవాడ వచ్చాను. అక్కణ్ణుంచి ఆనందపురానికి ఒక్క బస్సు. అయినా వెళ్ళలేదు. ఫోను చేస్తే మాత్రం ఏం మాట్లాడాలి? పిల్లలు బాగున్నారా, బీపీ ఎంత ఉంది అని అడిగే స్నేహం కాదు మాది. ఆ ఐదు నిమిషాల కోసం మాత్రం రోజూ మొహం వాచిపోయేవాణ్ణి. ఆ మాట ఎవరితో అంటాం.

మొన్న ఒకరోజు పొద్దున్న రావాల్సిన పేపరు మధ్యాహ్నానికి గాని రాలేదు. భోజనం చేసి పెన్సిలు తీసి టకటకా రాసుకుంటూ పోతున్నాను. అడ్డం తొమ్మిది: 'నాగలికి రైతు పట్టు, రెండక్షరాలు'. చెయ్యి దానంతటదే 'మేడి' అని రాసేసింది. రాశాక చూసుకున్నాను. అది అడ్డం. ఆయనది. ఆయన నేర్పిన మాటని ఆయన గడిలో నా చేత్తో రాసి కూర్చున్నాను. ఒక్క ఆ గడే కాదు, రెండేళ్ళుగా రోజూ అదే పని. చొక్కా వేసుకుని, పేపరూ పెన్సిలూ జేబులో పెట్టుకుని బస్సెక్కాను. మా ఆవిడ ఎక్కడికని అడిగితే "డ్యూటీకి" అన్నాను.

ఊళ్ళో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసిన ఆయన భార్య నన్నూ నా జేబులోని పేపరునీ పెన్సిలునీ ఎగాదిగా చూసి, నేను పేరు చెప్పకముందే అడిగింది.

"ప్లాంటు నుంచా? మీరు పజిలన్నియ్య కదా?"

అవునన్నాను. ఆవిడ నన్ను వరండాలో కూర్చోబెట్టి, లోపలికెళ్ళి ప్లాస్టిక్ తాడుతో కట్టిన పేపర్ల కట్ట తెచ్చి ముందు పెట్టింది.

"రోజూ సగం రాసీసి దాసీవోరన్నియ్యా. మిగతాది మీదంట. నన్ను ముట్టుకోనిచ్చీవోరు కాదు."

తాడు విప్పాను. ప్రతి పేపరులోనూ అడ్డాలు నిండి ఉన్నాయి. నిలువు ఆధారాల పక్కన ఒక్క టిక్కు కూడా లేదు. పైపైకి వస్తుంటే అక్షరాలు పెద్దవయ్యాయి. ఇంకా పైకి వస్తే గడి దాటి పక్క గడి మీద పడ్డాయి. అన్నిటికంటే పైనున్న పేపరు పోయిన వానాకాలానిది. అందులో మూడే మాటలున్నాయి.

"కంటి నరం ఎండిపోనాదన్నారు డాక్టర్లు" అంది ఆవిడ. "నీడలాగ అవుపడతాదంట, అంతే. అప్పుట్నుంచి పేపరు మాన్పించీసినాను."

పోయిన వానాకాలం లోపు ఏ రోజు వచ్చినా ఆ కళ్ళు నన్ను చూసి ఉండేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ వరండాలో తెలిసింది. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవలేక పేపర్లు సర్దుతూ కూర్చున్నాను.

ఆయన పెరట్లో మంచం మీద ఉన్నాడు. చిక్కిపోయాడు. నేను దగ్గరికెళ్ళి నిలబడితే చెవి ఇటు తిప్పాడు.

"నానే బావా" అన్నాను.

"టైమెంతయ్యింది?" అన్నాడు.

"మూడవుతోంది."

"నీకు మామూలే" అన్నాడు. మంచం మీద పక్కకి జరిగాడు. "ఆ దినం నన్ను బలవంతంగా దింపీసినారు బావా. రిలీవరు రాకుండా దిగినట్టు నా లెక్కలో నేదు."

చేప సంగతి చెప్పాను. బోటు సంగతి, బస్సు సంగతి చెప్పాను. విని "వంజరమే" అని తల ఊపాడు. అప్పుడింక దాచలేక అసలుది కూడా చెప్పేశాను.

"నాను రెండూ నింపీత్తన్నాను బావా. అడ్డాలు కూడా."

"పేపరుందా?"

ఇచ్చాను. పెన్సిలు అడిగాడు. డ్రాయరులో ఆయన వదిలిన పెన్సిలే అది, ఇప్పుడు వేలెడు కూడా లేదు. వేళ్ళతో తడిమి గుర్తుపట్టాడు. పేపరు మోకాలి మీద పరిచి, బొటనవేలితో గళ్ళు ఎక్కడున్నాయో వెతికి, ఒక చుక్క పెట్టాడు. అది గళ్ళలో పడలేదు, పక్కన ఫ్లాట్ల ప్రకటన మీద పడింది. నాకు మాత్రం అది ఎక్కడ పెట్టాడో తెలుసు.

రాసినవాడే చెరపాలి. లోపలికెళ్ళి ఆవిడనడిగి రబ్బరు తెచ్చుకున్నాను. అడ్డాలన్నీ చెరిపాను. వాటితోపాటు నా నిలువులు కూడా సగం పోయాయి. ఆయన కాగితం చప్పుడు వింటూ కూర్చున్నాడు. అయ్యాక మొదటి అడ్డం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. ఆయన చెబుతుంటే ఆయన గళ్ళలో రాశాను. తెలియనివి వదిలేశాం. నిలువులు చదవబోతే "అవి నీవి, నాకు సెప్పకు" అన్నాడు.

అడ్డం తొమ్మిది చదివాను. ఆయన మంచం పట్టెని గుప్పిట్లో పట్టుకుని, భుజం వంచి, కిందికి గట్టిగా నొక్కాడు. నేను ఆ రెండక్షరాలు రాసి, పదో అడ్డం చదివాను.