మాణిక్యాంబ గారి సబ్జెక్టులు

మాణిక్యాంబ గారికి మనుషులు కనిపించరు, సబ్జెక్టులు కనిపిస్తారు. పాలవాడు సబ్జెక్టు, లిఫ్టు మెకానిక్కు సబ్జెక్టు, ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడు పార్థసారథి గారు అందరికన్నా ముందు సబ్జెక్టు. ఈ జబ్బు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. 2006లో బి.ఏ.లో చేరి సైకాలజీ మొదటి పేపరు తీసుకున్నాక పట్టుకుంది. పట్టుకోవడానికి కారణం ఒక తాళం కప్ప.

రోజూ కాలేజీకి వెళ్ళలేని ఆడవాళ్ళ కోసం ఢిల్లీలో ఆదివారం క్లాసులు నడుస్తాయి. పెళ్ళితో ఒకసారి, మొగుడి బదిలీతో ఇంకోసారి డిగ్రీ వదిలేసిన మాణిక్యాంబ గారు అలాంటి క్లాసులో చేరింది. "ఈసారీ తప్పితే ఇంక నాకు ఓపిక లేదు" అని చెప్పే చేరింది. ఫీజు కట్టించుకున్నారు, ప్రాక్టికల్స్ ఉంటాయన్నారు. తీరా చూస్తే ఆదివారం ల్యాబ్‌కి సెలవు! అద్దాల తలుపు అవతల స్టాప్‌వాచీలూ పెట్టెలూ చక్రాలూ బారులు తీరి కనిపిస్తాయి, తలుపుకి మాత్రం పిడికిలంత తాళం. టీచరు బోర్డు మీద పరికరం బొమ్మ గీస్తే వీళ్ళు ఆ బొమ్మని చూసి బొమ్మ గీసుకోవాలి. వంటల పుస్తకం తిరగేసి కడుపు నింపుకోమన్నట్టుంది వ్యవహారం. పరీక్ష మాత్రం అదే ల్యాబ్‌లో, వారమంతా ఆ పరికరాలతో ఆడుకునే రెగ్యులర్ పిల్లలతో సమానంగా.

"ఇది అన్యాయం. అర్జీ రాద్దాం, సంతకాలు నేను పెట్టిస్తాను," అన్నాను. మాదీ ఢిల్లీ ద్వారకలో వాళ్ళుండే అపార్టుమెంట్ల సొసైటీయే, వాళ్ళ కింది ఫ్లాటు. మహిళా సంఘంలో పనిచేసేదాన్ని, అర్జీ రాయడం నాకు టీ పెట్టుకున్నంత తేలిక.

"రాయి రేవతీ, వద్దనను. దానికి జవాబొచ్చేలోపు నా పరీక్ష అయిపోతుంది. ఇంట్లో ఏముందో చూసుకుంటా," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళింది ఇల్లాలు. బయటికొచ్చింది ప్రయోగశాల.

ఏ ప్రయోగానికైనా ముందు సబ్జెక్టుకి, అంటే ప్రయోగం చేయించుకునే మనిషికి, ధైర్యం చెప్పాలట. ఆ చెప్పాల్సిన మాటలు ఆవిడ బట్టీ పట్టేసింది: "హాయిగా కూర్చోండి. ఇది మీ తెలివికి పరీక్ష కాదు. తప్పులొస్తే కంగారు పడకండి." ఇక ఎవరితో ఏం మాట్లాడాలన్నా ముందు ఇది. ఒకరోజు కూరగాయల బండి దగ్గర బెండకాయల మొనలు విరుస్తూ, "భయ్యా, ఆరామ్ సే బైఠియే. యే ఆప్‌కీ బుద్ధి కీ పరీక్షా నహీ హై," అంది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పేవ్‌మెంటు మీద కూలబడ్డాడు. "దీదీ, జో దేనా హై దే దో," అన్నాడు, ఎంతిస్తే అంతే చాలని చేతులు జోడించి.

మొదటి బలి పార్థసారథి గారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. అన్నం పెట్టే ముందు ప్రతిసారీ గంట కొడితే, కొన్నాళ్ళకి ఉత్త గంటకే కుక్కకి నోరూరుతుందని, గంట కొట్టి అన్నం పెట్టకపోతే ఆ అలవాటు మెల్లగా ఆరిపోతుందని పాఠం. మా సొసైటీలో కుక్కల్ని పెంచనివ్వరు. అందుకని ఆయన. కుక్కరు కూయగానే చేతులు కడుక్కొచ్చి కంచం ముందు కూర్చోవడం ఆయనకి పెళ్ళినాటి నుంచీ ఉన్న అలవాటు. ఆవిడ కుక్కర్లో ఉత్త నీళ్ళు పోసి కూయించడం మొదలెట్టింది. ఆయన వచ్చి కూర్చునేవారు. కంచం ఖాళీ. లేచి వెళ్ళేవారు. మళ్ళీ కూత, మళ్ళీ కంచం. వారం తిరిగేసరికి కుక్కరు ఎంత గోలపెట్టినా ఆయన పేపర్లోంచి తలెత్తడం మానేశారు. ఒకనాడు నిజంగానే పప్పూ వంకాయ కూరా చేసి, అప్పడాలు వేయించి పిలిచింది.

"ఏమండీ, రారేం? అన్నం!"

"నేన్నమ్మను. కిందికెళ్ళి ఛోలే భటూరే తినొచ్చాను."

"ఆరిపోయింది!" అని చప్పట్లు కొట్టింది ఆవిడ. "మీ అలవాటు ఆరిపోయిందండీ! అచ్చం పుస్తకంలో చెప్పినట్టే!"

"మమ్మీ, పాపా ఈజ్ నాట్ అ డాగ్ యార్," అన్నాడు కొడుకు అర్జున్.

"నువ్విలా రా. హాయిగా కూర్చో..."

"ట్యూషన్ హై మమ్మీ!" చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు.

తర్వాత జ్ఞాపకశక్తి. బిస్కెట్ డబ్బాకి కాగితం చుట్టి, అర్థం లేని ముక్కలు రాసి, అట్టకి కోసిన కిటికీలోంచి ఒక్కొక్కటే చూపించేది: ఝుక్, లోప్, మిజ్, టెఫ్, డబ్. మూడో అంతస్తు సుందరరామయ్య గారు రైల్వే ఆడిట్‌లో రిటైరయినాయన. ఎక్కడ పోటీ ఉన్నా ఫస్టు రావాల్సిందే. ముక్కలన్నీ కంఠతా పట్టి, మరిచిపోతానన్న భయంతో పొద్దున పార్కులో నడుస్తూ వల్లెవేసేవారు. వెనకే నడిచే పంజాబీ పెద్దమనుషులు భక్తిగా విన్నారు.

"అంకుల్ జీ, కౌన్‌సా మంత్ర్ హై?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "శాంతి కా," అన్నారు.

ఆ చలికాలమంతా మా పార్కులో రిటైరయిన వాళ్ళు వరసగా "ఝుక్ లోప్ మిజ్ టెఫ్" అనుకుంటూ తిరిగారు. ఒకాయన బీపీ తగ్గిందని కూడా చెప్పాడు.

పార్థసారథి గారి జాయింట్ సెక్రటరీ భోజనానికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయనే ఈయన ఏసీఆర్ రాసేది, అంటే ఈయన ప్రమోషన్ ఆయన కలం చివర ఉంది. పాయసం కప్పు ఆయన చేతిలో పెడుతూ మాణిక్యాంబ గారు, "సర్, ఆరామ్ సే బైఠియే. యే ఆప్‌కీ బుద్ధి కీ పరీక్షా నహీ హై," అంది. పార్థసారథి గారు కళ్ళు మూసుకున్నారు.

ఆవిడ ఒక మాట అంటుంది, ఆయన మనసులోకి మొదట వచ్చిన మాట చెప్పాలి, అదీ ప్రయోగం. ఆయన సరదాగా సరేనన్నారు.

"ఫైల్."

"పెండింగ్."

"కుర్సీ."

"మేరీ." నాదేనని.

"ఛుట్టీ," అంటే సెలవు.

"నామంజూర్."

"మంత్రీజీ."

"ట్రాన్స్‌ఫర్," అనేసి ఆయన నాలిక కరుచుకున్నారు. ఆయన భార్య నవ్వలేక పొట్ట పట్టుకుంది. పార్థసారథి గారు మాత్రం ఆ పూట కళ్ళు తెరవలేదు. వారం తర్వాత ఆఫీసులో జాయింట్ సెక్రటరీ ఆయన్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగారట: "సారథి, మేడమ్‌ని అడుగు, నా మీద ఏం తేలింది?"

ఇన్ని ప్రయోగాలు మా మీద చేసినా ఒక్కటి మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు: అద్దం. బల్ల మీద అద్దం, దాని ముందు రెండు గీతలతో గీసిన నక్షత్రం. చెయ్యి కనిపించకుండా మధ్యలో అడ్డు. అద్దంలోకి మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. కుడి ఎడమవుతుంది, పైన కింద అవుతుంది. మొదట ఎవరికైనా తప్పులే వస్తాయి, చేయగా చేయగా తగ్గుతాయి. మనిషి ఎలా నేర్చుకుంటాడో చూపించే ఈ ప్రయోగమే ఆదివారం వాళ్ళకి పరీక్షలో ఇస్తామని కాలేజీ వాళ్ళు చెప్పారు. దానికి రెండు షరతులు. సబ్జెక్టుని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ సబ్జెక్టు అంతకుముందు ఆ ప్రయోగం చేసి ఉండకూడదు. సబ్జెక్టు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. హాస్టల్ పిల్లలకేం, పక్క గది తలుపు తడితే చాలు. పరీక్ష పెట్టింది బుధవారం మరి, పనిదినం!

"ఒక్కసారి ఆ అద్దం ముందు కూర్చోనివ్వమ్మా," అని సుందరరామయ్య గారు రోజూ బతిమాలేవారు.

"పరీక్ష రోజే, బాబాయిగారూ. అప్పటిదాకా దాని వంక చూడను కూడా చూడకండి."

ఆ బుధవారం పొద్దున మా గేటు ముందు అద్దె క్వాలిస్ కారు ఆగింది. పార్థసారథి గారు క్యాజువల్ లీవు పెట్టి, పెళ్ళికొడుకు తండ్రిలా ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సుందరరామయ్య గారు, రెండో బ్లాకు హైమవతి గారు, ఆవిడ అత్తగారు, లిఫ్టు మెకానిక్కు. పులిహోర డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని నేను.

"మీ ఒక్కరి పరీక్షకి ఇంతమందెందుకండీ?" అన్నాను.

"ఉండనీ," అంది మాణిక్యాంబ గారు.

కాలేజీ కారిడార్‌లో ఆదివారం క్లాసు ఆడవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నలుగురి పక్కన మాత్రం ఎవరూ లేరు. మాణిక్యాంబ గారు పెళ్ళిలో తాంబూలం పంచినట్టు మమ్మల్ని పంచడం మొదలెట్టింది. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సుకి హైమవతి గారు. మునిర్కాలో గది తీసుకుని బ్యూటీ పార్లర్‌లో పనిచేసే అమ్మాయికి హైమవతి గారి అత్తగారు. క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే ఆవిడకి లిఫ్టు మెకానిక్కు. బబీత అనే పిల్లకి సుందరరామయ్య గారు. బబీతది నజఫ్‌గఢ్ అవతల పల్లె. ఆదివారాలు సత్సంగానికని అత్తింట్లో చెప్పి చదువుకుంటోంది. సబ్జెక్టుగా ఇంట్లోంచి ఒక్కరిని తెచ్చినా గుట్టు బయటపడుతుంది, చదువు ఆగిపోతుంది. ఈ ఏడాది పోతే ఆ పిల్లకి ఇంకో ఏడాది దొరకదు.

నేనావిడ చెయ్యి పట్టుకుని ఆపాను. "వీళ్ళ కోసమా ఇన్నాళ్ళూ మమ్మల్ని వేపుకు తిన్నది?"

"నాకొక్కదానికైతే మీ అన్నయ్యగారు చాలరూ? ఇంత ఢిల్లీలో వీళ్ళకి ఒక్క పూట వచ్చి కూర్చునే మనిషి లేడు రేవతీ. పంపేముందు ఎవరు కుదురుగా కూర్చుంటారో, ఎవరు మధ్యలో లేచిపోతారో నేను చూసుకోవద్దూ?"

మేమంతా మా తెలివిని కొలుస్తోందనుకున్నాం. కొలిచింది మా ఓపికని.

నేను ల్యాబ్ తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. లోపల ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక పెద్దావిడ. బల్లబల్లకీ తిరుగుతూ సుందరరామయ్య గారి దగ్గర ఆగింది. ఆయన నక్షత్రం చుట్టూ ఒక్క తప్పు లేకుండా, గుడి ప్రదక్షిణ చేసినట్టు తిరిగొచ్చి, మార్కులేవీ అన్నట్టు తలెత్తారు.

"పహలే కభీ కియా హై?" అంది, ఇంతకుముందెప్పుడైనా చేశారా అని.

"రోజ్!" అన్నారాయన గర్వంగా. "షేవింగ్ కే బాద్!"

ఇంట్లో రోజూ గడ్డం గీసుకున్నాక ఆ అద్దం ముందే దొంగచాటుగా సాధన చేశారన్నమాట. ఎగ్జామినర్ ఆయన్ని లేపేసింది.

"ఇది నా తెలివికి పరీక్ష కాదన్నావుగా అమ్మా!"

"కాదనే కదా చెప్పాను. మీరే వాడేశారు, బాబాయిగారూ!"

బబీత మొహం పాలిపోయింది. "మేరా తో గయా, ఆంటీ," అంది చున్నీ అంచు నలుపుతూ, తన ఏడాది పోయినట్టేనని.

మాణిక్యాంబ గారు ఆ పిల్ల వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"ఏమండీ, వెళ్ళి ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చోండి."

"మరి నీకూ?"

"వెళ్ళండి ముందు. హాయిగా కూర్చోండి."

"మీరు ఆగండి, నేను కూర్చుంటా," అన్నాను నేను.

"నువ్వు పొద్దుటి నుంచీ ఇక్కడే నిలబడి అందరి అద్దాలూ చూశావు, పనికిరావు," అనేసి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. నేను వెనకే పరిగెత్తాను. గేటు బయట మా క్వాలిస్ డ్రైవర్ సత్‌బీర్, ఆలస్యమైందని హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"భాయీసాహబ్, అందర్ ఆయియే," అని ఆవిడ లోపలికి పిలిచింది.

"మైనే క్యా కియా?" అన్నాడు పాపం, తనేం తప్పు చేశాడోనని. వస్తూ వస్తూ లైసెన్సు కూడా తీసి పట్టుకున్నాడు.

అద్దం చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. "బస్? శీషా దేఖ్‌కే తో మై కరోల్ బాగ్ కీ గలీ సే రివర్స్ నికాల్ దేతా హూ!" అద్దం చూస్తూ కరోల్ బాగ్ సందులోంచే బండిని వెనక్కి తీసేస్తాడట.

పెన్సిల్ కదిలింది. మొదటి మూల దగ్గరే రోడ్డు దిగిపోయింది. సత్‌బీర్ కుడికి కోస్తే అది ఎడమకి పోయింది. ఎడమకి లాగితే కాగితం దాటి బల్ల మీద గుర్‌గావ్ దాకా వెళ్ళింది. అతను అద్దాన్ని హర్యాన్వీలో తిట్టాడు. "గల్తీ హో తో ఘబరాయియే మత్," అంది మాణిక్యాంబ గారు తప్పులు లెక్కేసుకుంటూ. రెండోసారి కొంచెం నయం. మూడోసారి ఇంకొంచెం. అక్కడ బబీత బల్ల దగ్గర పార్థసారథి గారు ఫైలు నడిపినట్టే నక్షత్రాన్ని నడుపుతున్నారు. ప్రతి మూలలోనూ ఆగి, పైనుంచి అనుమతి రావాలన్నట్టు ఆ పిల్ల మొహం చూస్తున్నారు.

సత్‌బీర్ తప్పులు ఎలా తగ్గాయో గీసిన గ్రాఫ్ చూసి ఎగ్జామినర్ కళ్ళజోడు సవరించుకుంది. జారుడుబల్లలా చక్కగా దిగింది. "ఇక చాలు, లేవండి," అంటే అతను లేవడే! "మేడమ్‌జీ, ఏక్ ఔర్. అబ్ రాస్తా సమఝ్ మే ఆయా హై." ఇంకొక్కసారట, దారి ఇప్పుడే తెలిసిందట. ఎగ్జామినర్ పగలబడి నవ్వింది.

ఆదివారం వాళ్ళు అందరూ పాసయ్యారు. బబీతకి మాణిక్యాంబ గారికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. "చూశారా, నా మొగుణ్ణి పెట్టుకుని నన్నే దాటేసింది!" అని ఆవిడ ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి మిఠాయి పంచింది.

చదివేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. ఆదివారం క్లాసుకి పోయే ఆడవాళ్ళు మీ వీధిలోనూ ఉంటారు. ఆసుపత్రిలో మీకు సూది వేసిన నర్సు కావచ్చు, మీ పాపని స్కూలు వ్యానెక్కించే ఆయా కావచ్చు. పరీక్షల కాలం వస్తోంది. ఎవరో ఒకరు మీ గుమ్మంలో నిలబడి, "ఒక్క పూట వచ్చి కూర్చుంటారా?" అని నసుగుతారు. తీరిక లేదనకండి. ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టండి, చెప్పులేసుకుని బయల్దేరండి. అక్కడ మీరు చెయ్యాల్సిందల్లా నలుగురి ముందూ కూర్చుని తప్పులు చెయ్యడమే. అది మనకి ఒకరు నేర్పక్కర్లేదు కదా.