మీ మనిషి వచ్చింది

మిరపకాయలు ఏరే మా ఆడవాళ్ల గుంపును, మేమంతా అక్కా అని పిలిచే ఒకామె నడిపించేది. పొద్దున ఆటోలో కేసముద్రం అవతలి తోటలకు తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం ఏ గుంపు పెద్దయినా చేసేదే. ఈమె అంతటితో ఆగేది కాదు. ఆటో దిగాక మా వెంట ఒక్కో ఇంటికీ నడిచేది. గుమ్మం ముందు నిలబడి, "మీ మనిషి వచ్చింది, చూస్కోండ్రి" అనేది. లోపలివాళ్లు పలికేదాకా కదిలేది కాదు. ఇంటికి పోవడం మాకు తెలియదా అని విసుక్కునేవాళ్లం.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మాలో ఒకామె మిరప సాళ్ల మధ్య వడదెబ్బకు పడిపోయింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆ సాయంత్రం కూడా అక్క మమ్మల్నందరినీ ఇళ్లలో అప్పజెప్పింది. చివరికి మా పక్కనే ఉన్న ఆ చనిపోయినామె ఇంటి ముందు నిలబడింది. వాళ్లకింకా కబురు తెలియదు. అత్త బయటికొచ్చి, "మా కోడలేది?" అని అడిగింది.

మరుసటి ఏడు అక్క తోటకు రానంది. గుంపును నన్ను నడపమన్నాడు రైతు. ఒప్పుకోనా అని అక్కనే అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ముందుగాల ఇంటింటికి పోయి రా. ఎవలింట్ల ఎవలున్నరో చూడు. రేపు ఏమన్నయితే ఎవలకు చెప్పాల్నో ఎరుకుండాలె గద."

వెళ్లాను. మొదటి ఇంట్లో తమ్ముణ్ణి చంకనెత్తుకున్న చిన్నపిల్ల తలుపు తీసింది.

"మా అవ్వ నీళ్లకు పోయింది. ఇప్పుడొస్తది."

ఆ తల్లి బిందెతో వచ్చి లోపలికి పోయేదాకా గుమ్మం ముందే నిలబడ్డాను. నా వల్ల కాదని అక్కడి నుంచే రైతుకు ఫోన్ చేశాను.