అలమరలో బిస్కెట్లు

అతని బరువు తగ్గే ఆపరేషన్‌కు ఇంకా రెండు వారాల గడువుంది. నోరూరించేవేవీ అందుబాటులో ఉంచొద్దని డాక్టరు చెప్పడంతో భార్య వంటింటి అలమరకు తాళం వేసింది. పాతికేళ్లుగా ఊరందరి తాళాలూ బాగుచేస్తున్న మనిషికి అది అవమానంగా తోచింది. ఆమె బజారుకెళ్లగానే అర నిమిషంలో తీసేశాడు. తన పనితనానికి తానే మురిసిపోతూ చెయ్యి పెడితే బిస్కెట్ల జాడే లేదు. ఆపరేషన్ తర్వాత కొద్దికొద్దిగా తినడానికని తెచ్చిన ప్రొటీన్ పొడి డబ్బాలు, చిన్న గిన్నెలు, పసిపిల్లల చెంచాలు ఉన్నాయి.

“బిస్కెట్లు నిన్ననే పక్కింటి వదినకిచ్చేశా,” అంది సంచీ మరిచిపోయి తిరిగొచ్చిన భార్య.

“మరి తాళమెందుకే?”

“మీరు ఆగగలరేమో చూద్దామని.”

ఇంత పొట్టేసుకుని దొంగతనానిక్కూడా పనికిరాకపోయానే అని పకపకా నవ్వేశాడు. గిన్నెలన్నీ చేతికందే అరలో తానే సర్దాడు. ఆ సాయంత్రం చిన్న చెంచాతో కప్పు సూప్ తాగడానికి అరగంట పట్టింది.

“ఈపాటికి రెండు భోజనాలు లాగించేవాణ్ణి,” అన్నాడు సిగ్గుపడుతూ.