కర్రలు ఎడమకు, ఎర్ర గుర్తు కుడికి

“పైకి గట్టిగా కనిపించినా మంచు కింద ఖాళీ ఉంటే? నువ్వు అడుగు వెయ్యగానే కూలిపోతే?”

“కూలితే తడుస్తాను,” అంది బోర్గిల్డ్, బూటు తాడు బిగిస్తూ. “నువ్వు నీ పిల్లని చూసుకో తల్లీ. అది గులకరాయి నోట్లో పెట్టుకుంది.”

నిజంగానే పెట్టుకుంది. తీసేశాను.

బోర్గిల్డ్ మా పక్కింటామె. డెబ్బై ఒకటి నిండాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ లోయలో ఉత్తరాలు పంచింది. గ్రోనూట్ కొండదారి బాధ్యత కూడా ఎప్పటినుంచో ఆమెదే. సరస్సును చుట్టి వెళ్లే వేసవి దారిలో రాళ్ల మీద ఎర్రరంగు గుర్తులు వేసేది ఆమే. చలికాలంలో మంచు మీద జారే స్కీ పలకల మీద వెళ్లేవాళ్ల కోసం, గడ్డకట్టిన సరస్సు మీదుగా బర్చ్ చెట్టు కర్రలు పాతేదీ ఆమే. ఈస్టర్ దాటి మంచు పలచబడ్డాక ఆ కర్రలు పీకెయ్యాలి. జూన్ మొదట్లో ఆమె ఒక్కతే పైకి వెళ్లి, మంచు ఎంత మిగిలిందో చూసి వస్తుంది. ‘దారి తెరిచాం’ అని కొట్టు గోడ మీద ఆమె చీటీ అంటించేదాకా ఊళ్లో ఎవరూ కొండెక్కరు.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. పది నెలల మా పాప తిరిల్ కోసం ప్రస్తుతం సెలవులో ఉన్నాను. మంచు పొర ఎంత బరువు ఆపుతుందో లెక్క కట్టగలను. కానీ ఆ లెక్కకు కావలసిన మందం ఎవరూ ముందుగా చెప్పరు.

“ఆరింటికి వచ్చేస్తా. రాకపోతే ఫోన్ చెయ్యి,” అంది ఆ ఉదయం పైకి వెళ్తూ.

“ఎవరికి?”

“చదువుకున్నదానివి, అదీ నేనే చెప్పాలా?”

మూడింటికి పొగమంచు దిగి కొండ సగానికి కనిపించకుండా పోయింది. ఆరయింది. ఆమె రాలేదు. తిరిల్, ఇక్కడి పిల్లలందరిలాగే, ఆరుబయట తోపుడుబండిలో నిద్రపోతోంది. ఆరుంపావుకి ఫోన్ తీశాను. కొండ సహాయకదళానికి చేస్తే హెలికాప్టర్ వస్తుంది. అది వచ్చేసరికి బోర్గిల్డ్ గేటు తీసుకుని లోపలికి వస్తే? ఊళ్లో మళ్లీ తలెత్తుకోగలదా? చెయ్యకపోతే, ఆమె ఏ గుంటలోనో కాలు విరిగి ఉంటే? ఫోన్ పెట్టేశాను. మళ్లీ తీశాను. చివరికి ఆమె తమ్ముడు ఓడ్‌వార్‌కి చేశాను.

“మా అక్క ఆరంటే ఏడు,” అన్నాడతను.

“పైన ఏమీ కనబడట్లేదు ఓడ్‌వార్!”

“ఆమెకి కనబడక్కర్లేదు. ఆ గుర్తులన్నీ తను పెట్టినవే. ఏడున్నరకీ రాకపోతే సహాయకదళాన్ని నేనే పిలుస్తా.”

“ఏడుకి.”

“సరే, ఏడుకే. నువ్వు గాభరా పడకు.”

ఆ ముప్పావుగంట ఎలా గడిచిందో చెప్పలేను. తిరిల్ లేచింది. గంజి పెట్టానో లేదో గుర్తు లేదు. మళ్లీ పెడితే మొత్తం ఉమ్మేసింది. గేటు దాకా వెళ్లాను, ఫోన్ లోపల మరిచానని వెనక్కి వచ్చాను. ఫోన్ నా చేతిలోనే ఉంది.

ఏడుకి ఐదు నిమిషాలుందనగా వచ్చింది. ఒక కాలు తొడ దాకా తడిసి నల్లగా ఉంది. నేను ఏడుస్తూ ఓడ్‌వార్‌కి ఫోన్ చేశాను. అతను కారేసుకుని వచ్చేశాడు.

“ఆ పొగమంచులో కర్రలు ఎడమకి పోతున్నాయి,” అంది ఆమె, మా వంటింట్లో సాక్సు పిండుతూ. “మంచులోంచి ఒక్క రాయి పైకుంది. దాని మీద ఎర్ర గుర్తు కుడికి చూపిస్తోంది. రెండూ నావే! అందులో ఏ బోర్గిల్డ్‌ని నమ్మాలి? కర్రలు నిటారుగా ఉన్నాయి కదాని వాటినే నమ్మాను. నేరుగా సరస్సు మీదికి తీసుకుపోయాయి.”

“కర్రలు ఏప్రిల్లోనే పీకేశావు కదా?” అన్నాను.

“పీకానే! మోపు కట్టి కొట్టంలో పడేశాను.” ఆలోచించింది. “అది నిరుడా?”

“ఈసారి నన్ను పీకమన్నావేమో?” అన్నాడు ఓడ్‌వార్, నెమ్మదిగా.

“అన్నానా?”

“అన్నావనే అనుకున్నా.”

“అనుకుంటే పీకాలి కదరా!”

“తర్వాత నువ్వే పీకేశావనుకున్నా.”

ఎవరు పీకాలో ఇప్పటికీ తేలలేదు. మర్నాడు కొట్టు గోడ మీద ‘దారి మూసి ఉంది, కర్రలను నమ్మొద్దు’ అని ఆమె చీటీ కనిపించింది.

“మరి కాలు దిగబడ్డాక ఏం చేశావు?” అని అడిగాను ఆ రోజు సాయంత్రం, ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు.

“లాక్కుని, సంచీ మీద కూర్చున్నాను. ఫ్లాస్కులో కాఫీ తాగాను, గోధుమరంగు చీజ్ ముక్క తిన్నాను.”

“తాగాక దారి తెలిసిందా?”

“ఏమీ తెలియలేదు. నా అడుగులు మాత్రం కనిపించాయి. వాటిలోనే కాలు పెట్టుకుంటూ దిగాను, అందుకే ఆలస్యం.” తిరిల్ ముక్కు తుడిచి, బోర్గిల్డ్ నా వైపు చూసింది. “నిన్న నాకోసం గేటు దాకా పరుగెత్తావని నువ్వే ఓడ్‌వార్‌తో అన్నావట. పరుగెత్తకు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ముందు కూర్చో. ఏదో ఒకటి తాగు. అప్పటికీ తెలియకపోతే, నీకు తెలిసిన చివరి చోటికి వెనక్కి వెళ్లు. తెలియకుండా కొత్త అడుగు వెయ్యకు.”

పోయిన వారం తిరిల్ గంటసేపు ఏడ్చింది. పాలా, పన్నా, కడుపునొప్పా, ఏదీ అంతు చిక్కలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చుని, ఒక గ్లాసు నీళ్లు తాగాను.