ముంగిసకు సంబంధం చూసిన ఏడాది

అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మేము మొదటి ఇల్లు కొనుక్కున్న ఎనభైల తొలి రోజుల్లో మా ఇంట్లో ఒక ఫెర్రెట్ ఉండేది. ముంగిసలా సన్నగా, పొడుగ్గా, పాలు ఎక్కువైన కాఫీ రంగులో, కళ్ళ చుట్టూ నల్లటి మచ్చతో ఉండేది. మా ఆఫీసులో పనిచేసే అమెరికన్ ఒకాయన కాలిఫోర్నియాకు మారిపోతూ, అక్కడ ఈ జంతువును ఇంట్లో ఉంచుకోనివ్వరని మా అమ్మాయికి ఇచ్చేశాడు. అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టుకుంది కానీ మా ఆవిడ "ముంగిస" అనే పిలిచేది. చివరికి అదే నిలిచింది.

మాది గుడ్డు కూడా రాని వంటిల్లు. ముంగిసకు మాంసం తప్పదు. కాబట్టి పిల్లుల తిండి డబ్బాలు కారు పెట్టే గరాజ్‌లో ఉండేవి, గిన్నె కడిగే పని నాది. మా ఆవిడ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకునేది కానీ ఆ డబ్బాల వైపు చూసేది కాదు.

మంచు కరిగిన రోజుల్లో దాని తోక కింద వాపు కనిపించింది. దెబ్బ తగిలిందనుకున్నాను. మా ఆవిడ చూసి నవ్వింది.

"దెబ్బా కాదు, పాడూ కాదు. ఈడుకొచ్చింది."

పశువుల డాక్టరు కూడా అదే చెప్పాడు. ఆ స్థితి కుక్కకు తగ్గినట్టు దానంతటది తగ్గదట. మగదానితో జత కలపాలి, లేదా ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేయాలి. పిల్లలు అక్కర్లేకపోతే ఆపరేషనే మేలని, ఏదైనా సరే ఆలస్యం చేయొద్దని అన్నాడు. ఆయన చూసిన ఫెర్రెట్లూ తక్కువే. మాటల మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళి పుస్తకం చూసి వచ్చాడు.

ఆ సాయంత్రం ఆపరేషన్‌కు రోజు ఖాయం చేద్దామన్నాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. ఒక్క కాన్పైనా కాకుండా ఆపరేషనేమిటంది. మన దేశంలో ఇద్దరు పిల్లలు పుట్టాక కదా ఆ మాట ఎత్తేది, అంది. జంతువుకూ మనిషికీ తేడా చెప్పబోయాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నన్నెవరూ అడగలేదు. దాన్నైనా అడగండి."

అమ్మాయి పుట్టినప్పుడు, ఈ దేశంలోనే, రక్తం ఆగక ఆమె గర్భసంచి తీసేశారు. మెలకువ వచ్చాకే ఆమెకు తెలిసింది. సంతకం పెట్టింది నేను. పెట్టకపోతే మనిషి దక్కేది కాదు, అది ఆమెకూ తెలుసు. అయినా ఆపరేషన్ ఆలోచన మానుకున్నాను.

బుజ్జి ముంగిసలు పుడతాయని అమ్మాయికి పండగ. సరే, మగదాని కోసం నెలా రెండు నెలలు వెతికాం. ఊరికి పడమటి వైపు మొక్కజొన్న పొలాల మధ్య ఒక పెద్దావిడ వాటిని పెంచుతోందని చివరికి డాక్టరే వాకబు చేసి చెప్పాడు. ఫోన్ చేస్తే తీసుకురమ్మంది. వియ్యపురాలి గొంతు ఎలా ఉందని మా ఆవిడ అడిగింది. తీరా బయలుదేరే ముందు పెద్దావిడే ఫోన్ చేసింది. తనకు ఫ్లూ వచ్చిందని, తన నుంచి మగదానికీ అంటుకుందని చెప్పింది. మనుషుల జలుబు వాటికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అది కోలుకుని మళ్ళీ కబురు వచ్చేసరికి ఆషాఢం ప్రవేశించింది.

"ఆషాఢంలో పిల్లని అత్తారింటికి పంపుతామా ఏమిటి?" అని మా ఆవిడ తనే నవ్వింది. నేనూ నవ్వాను. కానీ శనివారం నేను కారు తాళాలు తీస్తే, శ్రావణం రానివ్వండి, అదేమైనా పారిపోతుందా అంది, ఈసారి నవ్వకుండా. డాక్టరు ఆలస్యం వద్దన్నాడని గుర్తు చేశాను. ఆయనేమైనా ముహూర్తాలు పెట్టే డాక్టరా అంది. ఆమె మళ్ళీ ఆ పాత మాట అంటుందేమోనని తాళాలు తిరిగి కొక్కేనికి తగిలించాను.

శ్రావణం రాకముందే ముంగిస తన తువ్వాలులోంచి లేవడం మానేసింది. తోక మీది బొచ్చు రాలింది. అమ్మాయి దాని పెదవి ఎత్తి, "డాడీ, గమ్స్ చూడు, వైట్ అయిపోయాయి," అంది. పొట్ట మీద, చర్మం కింద, ఎర్రటి చుక్కలు.

డాక్టరు ఈసారి పుస్తకం చూడలేదు. ఆ స్థితి అలాగే సాగితే ఒంట్లో ఊరే హార్మోన్ ఎముకల్లోని మూలుగను చంపేస్తుందని, ఇక కొత్త రక్తం పుట్టదని చెప్పాడు. దాన్ని ఆపడానికి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇప్పుడైనా ఆపరేషన్ చేసేయమన్నాను. కోస్తే రక్తం గడ్డకట్టదు, బల్ల మీదే పోతుందన్నాడు. మరి మగదాని దగ్గరికి తీసుకువెళ్తే? జత కట్టేటప్పుడు అది మెడ కరిచి పట్టుకుంటుంది, ప్రాణం పోవడానికి ఆ గాయం చాలన్నాడు. ఇక మిగిలింది మరో ఫెర్రెట్ రక్తం ఎక్కించి, మూలుగ మళ్ళీ మేలుకుంటుందేమో చూడటం.

పెద్దావిడ అడగ్గానే మగదాన్ని బుట్టలో పెట్టుకుని ట్రక్కు నడుపుకుంటూ వచ్చింది. ముంగిసకు రెండింతలున్నాడు వాడు. మా ఆవిడ బుట్టలోకి వంగి చాలాసేపు చూసింది. "బాగున్నాడు," అంది తెలుగులోనే. పెద్దావిడకు ఏం అర్థమైందో, ఆమె చేయి పట్టుకుంది.

రక్తం ఎక్కించాక ముంగిస తల ఎత్తింది. నమిలే శక్తి లేదు. పసిపిల్లలకు సీసాల్లో అమ్మే కోడిమాంసం గుజ్జు పెట్టమన్నాడు డాక్టరు. నేను చెంచాతో పెడితే మూతి తిప్పుకుంది. మా ఆవిడ నా చేతిలోంచి సీసా తీసుకుని, అందులో వేలు ముంచి దాని నోటికి అందించింది. మా వంటింట్లోనే, పొయ్యి పక్కనే. ముంగిస మెల్లగా నాకింది. ఆ రోజు నా డైరీలో "తిన్నది" అన్న ఒక్క మాటే ఉంది. తరువాత కూడా ప్రతిపూటా ఆమే అలా పెట్టింది.

రెండోసారి రక్తం ఎక్కించినా పెదవి కింద ఎరుపు నిలవలేదు. శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున చూస్తే తువ్వాలులో చల్లగా ఉంది.

పెరట్లో పూడ్చి అమ్మాయీ నేనూ లోపలికి వచ్చాం. మా ఆవిడ సింకు దగ్గర అటు తిరిగి ముంగిస గిన్నె కడుగుతోంది. అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని అడిగింది.

"డాడీ, స్ప్రింగ్‌లోనే ఆపరేషన్ చేయిస్తే బతికేదా? నేను బేబీస్ కావాలి అన్నా కదా, అందుకేనా?"

కుళాయి ఆగింది. మా ఆవిడ ఇటు తిరగలేదు.

బతికేదని నాకు తెలుసు. నీవల్ల కాదంటే, మరెవరివల్ల అని ఆ పిల్ల అడుగుతుంది.

"డాక్టరు కూడా ఏం చేయలేకపోయాడు కదమ్మా," అన్నాను. అదీ నిజమే.

అమ్మాయి నా మొహం వంకే చూసింది. మా ఆవిడ ముంగిస గిన్నెను తుడిచి, మా గిన్నెల పక్కనే బోర్లించింది.