కళింగపట్నంలో అరగంట బేరం

అడిగినదానికి అడిగినట్టు ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. మాది నరసన్నపేటలో బట్టల కొట్టు. నేను పాకింది తానుల మధ్య, నడక నేర్చింది చీరల మడతల మీద. ఎవరేం అడిగినా ముందు సగానికి కోసి, ఆ తరవాతే సంగతేమిటని వినడం నా అలవాటు. పెళ్లాం దగ్గర కూడా అది మానలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడాలి కానీ, మా ఆవిడ విజయనగరంలో పచారీ కొట్టు నడిపే మా మేనమామ కూతురే. బేరం ఆమెకీ కొత్త కాదు.

పాప పుట్టి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో మా ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. తల్లి చంక దిగిందంటే పాప ఏడుపు వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుంది. నా దగ్గరికి వస్తుంది, రాదని కాదు. కాకపోతే తల్లి పక్కనే నిలబడాలి. అలాంటిది మొన్నామధ్య అన్నం వడ్డిస్తూ, శని ఆదివారాలు కళింగపట్నం పోదామంది. అక్కడ ఏమీ చూడక్కర్లేదట, ఏమీ కొనక్కర్లేదట. ఉన్న కోరిక ఒక్కటే.

"నేనొక్కర్తినే, ఖాళీ సేతుల్తో సముద్రంలో నిలబడాల బావా. ఎవురూ పిలవకూడదు. గంటసేపు."

"పది నిమిషాలు," అన్నాను, ముద్ద మింగకుండానే.

గరిటె గాలిలో ఆగింది. కాసేపు లాక్కున్నాక అరగంటకి తెగింది. సగానికి సగం తగ్గించానని ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. తగ్గించి నేను వెనకేసుకున్నదేమిటో మాత్రం అడక్కండి.

శనివారం బయల్దేరుతుంటే మా అమ్మ సంచి ఎత్తి చూసి, పిల్లని తీసుకెళ్తన్నారా, కొట్టు ఖాళీ చేసి పట్టుకెళ్తన్నారా అని అడిగింది. సాయంత్రానికి గదిలో దిగాం. కొత్త గోడలు చూసి పాప గొంతెత్తింది. కిటికీలోంచి కెరటాల చప్పుడు వినిపిస్తూనే ఉంది, మా ఆవిడ పాపని భుజాన వేసుకుని వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. సముద్రం వైపు చూసింది కానీ గుమ్మం దిగలేదు. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఎండెక్కితే పాపని ఇసుకలో ఉంచలేం. అంటే ఆమెకి మిగిలింది పొద్దుటి పూట ఒక్కటే.

పొద్దున్నే, ఒడ్డుకి లాగిపెట్టిన ఒక పడవ నీడలో దుప్పటి పరిచి, సంచి పక్కన పెట్టుకున్నాను. మా ఆవిడ పాపని నా ఒళ్లో పెట్టి, కుచ్చిళ్లు ఎగదోపుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది. మోకాళ్ల దాకా నీళ్లొచ్చాక ఆగింది.

పాప అప్పుడు చూసుకుంది. కింది పెదవి ముందుకొచ్చింది. ఆ తరవాత పడవ చెక్కలు అదిరేలా ఒక ఏడుపు. గిలక్కాయ ఊపాను, కాకిని చూపించాను, కాకిలా అరిచాను. నీళ్లలో మా ఆవిడ భుజాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. ఇంకొక్క కేక వినిపిస్తే వచ్చేస్తుంది. ఆ అరగంట కాస్తా ఐదు నిమిషాలకి చెల్లిపోతుంది.

మా నాన్న దగ్గర ఒక పద్ధతి ఉంది. కొట్లో ఎవరైనా మొహం ముడుచుకుని కూర్చుంటే మాటలాపేసి చీర విసురుతాడు. మడత గాలిలోనే విడిపోయి, కొంగు సరిగ్గా వాళ్ల ఒళ్లో పడాలి. పాపని దుప్పటి మీద కూర్చోబెట్టి, సంచిలోంచి మా ఆవిడ చీర తీసి అలా విసిరాను. ఏడుపు ఆగింది. పాప కొంగు తడిమి చూసి, నచ్చక, మళ్లీ ఏడుపు అందుకుంది. రెండో చీర విసిరాను. తువ్వాలు, ఇంకో దుప్పటి, పాప గౌన్లు, అన్నీ అయ్యాయి. ఇంత గీర ఉన్న ఖాతాదారుని నేను మా కొట్లో చూడలేదు. చివరికి నా పాత లుంగీ దగ్గర మనసు కుదిరింది. దాని అంచు నోట్లో పెట్టుకుని, నా భుజం మీద నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే నెత్తిన గంపతో ఒక చేపలావిడ, ఎండు నెత్తళ్లని కేకేస్తూ ఇటే వచ్చింది. మా ఇంట్లో చేప గుమ్మం దాటి రాదు. వద్దని చెయ్యూపాను. ఆవిడ దాన్ని బేరానికి మొదలుగా తీసుకుంది. నేనైనా అలాగే తీసుకుంటాను. గంప దింపి, నెత్తళ్ల గుణగణాలు పాప చెవి పక్కనే ఎత్తుకుంది. కాదన్నకొద్దీ గొంతు పెరుగుతుందని కొట్లో పెరిగినవాణ్ని నాకు తెలీదా? జేబులోంచి తీసి, ఆవిడ చెప్పినంతా చేతిలో పెట్టేశాను.

ఆవిడ డబ్బు చూసింది, నన్ను చూసింది. "ఏటి బాబూ, బేరమాడవేటి? ఒంట్లో బాగోనేదా?"

కళ్లతో పాపని చూపించాను, గడ్డంతో సముద్రాన్ని. ఆవిడ నీళ్లలో నిలబడ్డ మనిషిని కాసేపు చూసింది. నెత్తళ్లు పొట్లం కట్టి, అందులో ఇంకో గుప్పెడు వేసి నా పక్కన పెట్టి, కేక లేకుండా నడిచి వెళ్లిపోయింది.

అరగంట దాటిందని నా ఫోను చెబుతూనే ఉంది. మా ఆవిడ వెనక్కి తిరిగి, అయిందా అన్నట్టు చూసింది. తల అడ్డంగా ఊపాను. మళ్లీ సముద్రం వైపు తిరిగింది. ఇంకాసేపటికి మళ్లీ చూసింది, మళ్లీ ఊపాను. ఎండ పడవ అంచు దాటి దుప్పటి మీదికొచ్చాక పాప లేచింది, ఆమె ఒడ్డుకొచ్చింది.

ఇప్పుడే అరగంట అయిందన్నాను. ఇసుకలో పడున్న తన చీరలు చూసింది, పొట్లం వాసన చూసింది, తలెత్తి సూర్యుణ్ని చూసింది.

"నాకు కావలసింది పావుగంటే బావా. నువ్వు సగానికి కోసీస్తే, మిగిల్నదాంట్లో పాప సగం కోసీస్తాదని గంట అడిగేను."

మరి పావుగంటకే ఎందుకు రాలేదన్నాను.

"నువ్వు తలూపతంటే సూసేను. పోనీ, బేరం తెలీని మనిషి ఒకడు దొరికేడనుకున్నాను."

పాప చేతులు చాచింది. మా ఆవిడ వెంటనే అందుకోలేదు. తడి కుచ్చిళ్లు నిదానంగా పిండుకుంది, ఎగిరిన జుట్టు ముడేసుకుంది, ఇంకోసారి సముద్రం వైపు చూసింది. అప్పుడు తీసుకుంది.