ఉయరాక్ కుడికాలు

మంచు ఇల్లు కనిపిస్తే ఉయరాక్ తన్నేవాడు. అంతకు మించి ఆయనలో చెప్పుకోదగ్గ దుర్గుణం లేదు. అబద్ధమాడడు. ఒకరి మాంసానికి ఆశపడడు. కుక్కల మీద కూడా గొంతు పెంచడు. కానీ మంచుదిమ్మెలు పేర్చి కట్టిన ఇల్లు కంటబడిందా, దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. చేతి తొడుగు తీసి గోడ నిమిరేవాడు. కుక్కపిల్లను ఎంచుకునేవాడిలా తల ఓ పక్కకు వాల్చేవాడు. ఆపైన కుడికాలు ఎత్తి, ద్వారానికి ఎడమపక్క, కింది నుంచి మూడో దిమ్మె మీద ఒక్క తాపు తన్నేవాడు. ఇల్లు నిలిస్తే వెళ్ళిపోయేవాడు. కూలినా వెళ్ళిపోయేవాడు.

ఎందుకని అడిగినవాడు లేడు. ఉత్తర ధ్రువం వైపున్న ఆ మంచు ఊరు ఇగ్లూలిక్‌లో పెద్దవాళ్ళు ప్రశ్నలు అడగరు. చూసి తెలుసుకుంటారు, తెలియకపోతే ఊరుకుంటారు. అడిగేది పసిపిల్లలూ, దక్షిణాది నుంచి వచ్చే అధికారులూ.

అలాంటి అధికారి ఒకాయన ఓ ఏడాది, చలికాలపు చీకటి ముగిసి సూర్యుడు తిరిగొచ్చే పండగకు వచ్చాడు. ఆయన కోసం బడి ముందు పెద్ద ఇగ్లూ కట్టారు. ఆయన లోపల కూర్చుని టీ తాగుతుంటే బయట ఫోటోలవాడు వెలుతురు కోసం ఎదురుచూస్తున్నాడు. అంతలో ఉయరాక్ వచ్చాడు. తిరిగాడు, నిమిరాడు, తన్నాడు. తెల్లటి గుట్టలోంచి అధికారి తల బయటికొచ్చింది, తర్వాత కప్పు పట్టుకున్న చెయ్యి వచ్చింది. టీ మాత్రం చుక్క ఒలకలేదు.

"ఇది ఏ ఆచారం?" అని అడిగాడాయన.

"మర్యాద చెయ్యడమండీ," అన్నాడు మంచులో తప్పిపోయినవాళ్ళను వెతికే గాలింపు దళం నాయకుడు మకిక్, మొహంలో కండరం కదలకుండా. "అందరికీ చెయ్యం."

ఆయన పొంగిపోయి ఉయరాక్‌తో ఫోటో దిగి వెళ్ళాడు.

వేటదారుల్లో ఎవరో కట్టి వదిలేసిన ఇళ్ళనూ ఉయరాక్ బతకనిచ్చేవాడు కాదు. తిరుగు ప్రయాణంలో అందులో ఒక నిద్ర తీద్దామనుకున్న వేటగాళ్ళు, ఇంటికి బదులు తెల్లటి కుప్పను చూసి పళ్ళు నూరేవారు. "నాలుగు నిద్రలు చేసిన ఇంట్లో గోడలు గాజు గడ్డ అయిపోతాయి," అనేవాడాయన. "అది ఇల్లు కాదు, చేపల పెట్టె. నువ్వు చేపవా?" వాళ్ళకు కోపం ఇంకా పెరిగేది.

అందరి కోపాలూ ఒక ఎత్తు, అకిత్తిక్ కోపం ఒక ఎత్తు. ఎందుకంటే ఆమె ఆయనకు తల్లి.

ఆమెకు ఇరవై ఏడేళ్ళు, ఆయనకు డెబ్బై అయిదు. అయినా తల్లే. ఉయరాక్ కన్నతల్లి అకిత్తిక్ చనిపోయిన ఏడాదే పొరుగింట్లో ఈ పిల్ల పుట్టింది, ఆ పేరే పెట్టారు. పేరు వస్తే మనిషి వచ్చినట్టే. పిల్లకు మూడేళ్ళప్పుడు ఉయరాక్ రోజూ వచ్చి, గడప దగ్గర టోపీ తీసి, "అమ్మా, వేటకి వెళ్ళి రానా?" అని అడిగేవాడు. ఆ చలికాలమే పిల్లకు 'వద్దు' అనే మాట కొత్తగా వచ్చింది. ఉయరాక్ ఇంట్లో రెండు నెలలు మాంసం లేదు.

ఇప్పటికీ సీల్‌ని కొడితే మొదటి కాలేయం ముక్క ఆమెకే తెచ్చేవాడు. మధ్యాహ్నం ఆమె వంటింట్లో కూర్చుని, "అమ్మా, రొట్టె మాడ్చావు," అని గారాలు పోయేవాడు. అన్నిట్లోనూ తల్లి మాట జవదాటని కొడుకు. ఒక్క మంచు ఇంటి విషయంలో తప్ప.

ఇరవై ఏడేళ్ళు నిండిన చలికాలం అకిత్తిక్ గాలింపు దళంలో చేరాలని పట్టుబట్టింది. అంతకు ముందు ఏడాది ఆమె తమ్ముడు సముద్రపు మంచు మీద దారి తప్పి రెండు రోజులు కనబడలేదు. ఆ రెండు రోజులూ ఆమె రేడియో ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు రెండు కాలివేళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆమెకు మాత్రం తాను ఆ కుర్చీలోంచి ఇంకా లేవలేదనే అనిపించేది. ఇక మీదట ఎవరు తప్పిపోయినా తాను వెతికేవాళ్ళలో ఉండాలి, ఎదురుచూసేవాళ్ళలో కాదు.

దళంలో ఒక్క ఖాళీ ఉంది. నియమమూ ఒక్కటే. సొంతంగా మంచు ఇల్లు కట్టి, తుపానులో మరో మనిషిని అందులో వెచ్చగా ఉంచాలి. ఆ ఇల్లు ఇల్లేనని ఉయరాక్ ఒప్పుకోవాలి.

"ఇంకెవరూ దొరకలేదా?" అంది అకిత్తిక్.

"నీ కొడుకేగా. నువ్వే చెప్పుకో," అన్నాడు మకిక్.

మొదటి ఇల్లు తన్నగానే కూలింది. తప్పు ఆమెకే తెలిసింది. రెండు వేర్వేరు తుపానుల మంచు కలిపి కోసింది, పొరల మధ్య దిమ్మె విరిగింది. రెండోది కూలింది. దిమ్మెల అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మూడోది కట్టడానికి రోజంతా పట్టింది, నడుం పడిపోయింది. ఉయరాక్ కప్పు వైపు చూసి, "ఇందులో ఉండేది మనుషులా, ఓడలా?" అన్నాడు. తన్నాడు. కప్పు ఎత్తైతే వేడంతా పైకి పోతుంది, పడుకున్నవాడికి మిగలదు. అదీ ఒప్పుకుంది.

నాలుగో ఇంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆమె కళ్ళకి లేదు, మకిక్ కళ్ళకి లేదు. ద్వారం కిందికి ఉంది, పడక ఎత్తు మీద ఉంది, కప్పులో పొగ పోయే కన్నం ఉంది. ఉయరాక్ తన్నాడు. నిలిచింది. ఆయన ఊళ్ళో ఎవరింటినీ రెండోసారి తన్నిన పాపాన పోలేదు. దీన్ని రెండోసారి తన్నాడు. కూలింది.

అకిత్తిక్ ఒళ్ళు మండిపోయింది. "తల్లి ఇంటిని తంతావా? అదీ రెండుసార్లు? లోకంలో ఏ కొడుకైనా చేసే పనేనా ఇది?"

"అమ్మా, అరవకు. గొంతులోకి చలి పోతుంది."

"నా గొంతు నా ఇష్టం! అందరికీ ఒక తాపు, నాకు రెండా? ఏం, నేనేం చేశాను నీకు?"

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "ఆకలేస్తోంది," అన్నాడు.

నాలుగు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ వచ్చి వంటింట్లో కూర్చునేవాడు. ఆమె రొట్టెను బల్ల మీద పడేసేది. "అలిగావా అమ్మా?" అనేవాడు. "అలిగితే రొట్టె బాగా వస్తోంది," అని ఇంకో ముక్క తీసుకునేవాడు. ఆమెకు ఏడుపొచ్చేంత కోపం. ఇంత అన్యాయం చేసినవాడికి ఇంత ఆకలి ఎలా వేస్తుంది?

మార్చిలో ఇద్దరూ చేపలకని సరస్సుకు వెళ్ళారు. తోడు రమ్మని ఆమె పిలవలేదు. ఆయన తనంతట తనే ఆమె మోటారు మంచు బండి వెనక కట్టిన స్లెడ్జి ఎక్కి కూర్చున్నాడు. మొదటి చేప పడకముందే పడమటి కొండలు కనబడకుండా పోయాయి. గాలి నేలబారున పాములా రావడం మొదలెట్టింది.

"ఇల్లు కట్టు," అన్నాడు ఉయరాక్.

ఆమె కట్టింది. నిలబడ్డ చోటనే దిమ్మెలు కోస్తూ, చుట్టూ పేరుస్తూ, లోపలికి వంచుతూ. చివరి దిమ్మెను కప్పు మీద దించేసరికి వేళ్ళకి స్పర్శ లేదు. తర్వాత బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఊఁ. కానియ్. తన్ను."

ఉయరాక్ గోడ చుట్టూ తిరిగాడు. ద్వారం పక్కన నిమిరాడు. "చలేస్తోంది," అని వంగి లోపలికి పాకిపోయాడు.

ఆమె నివ్వెరపోయింది. నాలుగు ఇళ్ళు కూల్చిన మనిషి అయిదోదాన్ని తన్నను కూడా తన్నడా? తన్నడానికైనా పనికిరానంత అలుసా? ఆ మంటతోనే లోపలికి పాకింది. కారిబూ జింక తోళ్ళు పరిచింది. రాతి దీపంలో సీల్ కొవ్వు వేసి వెలిగించింది. దీపం పక్కన చోటు చూపించినా ఆయన రాలేదు. ద్వారం పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అక్కడే తిన్నాడు, అక్కడే తాగాడు, అక్కడే కూర్చుని కునికాడు. బయట గాలి లోకాన్ని గీకేస్తోంది.

మర్నాడు పొద్దున టీ అందుకోవడానికి ఆయన ముందుకు వంగాడు. వెనక గోడలోంచి సన్నని మంచుపొడి బుస్సుమని లోపలికి చిమ్మింది. ఆమె చూసింది. దిమ్మెల మధ్య వేలు పట్టేంత సందు. ఆయన కోటు వీపంతా తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఏమిటిది?"

ఆయన గబుక్కున మళ్ళీ వీపు ఆనించాడు. "ఏదీ?"

"ఆ సందు! నిన్నటి నుంచీ దానికి వీపు అడ్డం పెట్టి కూర్చున్నావా?"

"చిన్నదే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిమిరినప్పుడే."

"మరి తన్నవేం! ఊళ్ళో, ఎండలో, పక్కన పొయ్యి ఉండగా నాలుగిళ్ళు తన్నావు. నిజంగా తన్నాల్సిన చోట నోరు మూసుకుంటావా?"

"తన్నితే ఇంకోటి కట్టేలోపు గాలి మీద పడేది. చెబితే బయటికెళ్ళి పూడుస్తానంటావు. నీకు చలి పడదు."

"నాకు చలి పడదని ఎవరన్నారు?"

"నేను చూశాగా," అన్నాడాయన. "నాన్న సరుకులకని వెళ్ళి తుపానులో చిక్కుకుంటే, ఆ చలికాలం ఇల్లు నేను కట్టాను. తొమ్మిదేళ్ళు నాకు. గోడ నిండా సందులే. నువ్వేమన్నావో గుర్తుందా?"

"నేను పుట్టనే లేదు!"

"'బాగుంది నాన్నా' అన్నావు. అని, నన్ను దీపం వైపు పడుకోబెట్టి, నువ్వు సందు పక్కన పడుకున్నావు. ఒక్క తాపు తన్ని ఉంటే మళ్ళీ కట్టేవాణ్ణి కదా? తన్నలేదు. వసంతం వచ్చినా దగ్గు పోలేదు."

ఆమె టీ కప్పు ఆయన చేతిలో పెట్టింది. "తర్వాత?"

"తర్వాత నలభై ఏళ్ళు బతికావు. నలభై ఏళ్ళూ దగ్గుతూ నన్ను తిట్టావు."

"మంచి పని చేశాను!" అంది అకిత్తిక్, ఎర్రబడ్డ కళ్ళతో. "నేను చేసిన తెలివితక్కువ పనే చూసి నేర్చుకుని నువ్వూ చేస్తావా? డెబ్బై అయిదేళ్ళొచ్చాయి, బుద్ధుండక్కర్లేదూ! జరుగు!"

నడుముకు తాడు కట్టుకుని రెండో కొస ఆయన చేతిలో పెట్టింది. మంచు కత్తి తీసుకుని బయటికి పాకింది. ఆ గాలిలో గోడ తడుముకుంటూ సందు వెతికి, మెత్తటి మంచు కూరి, దిమ్మె చెక్కి ఆనించి, పిడికిలితో గుద్దింది. మెటికలు పగిలాయి. తిరిగొచ్చేసరికి ఉయరాక్ తాడును రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"దీపం వైపుకు జరుగు."

"ఇక్కడ బాగానే..."

"నేను తల్లినా కాదా?"

ఆయన జరిగాడు. ఆమె గడ్డకట్టిన కోటు విప్పించి, పొడి తోలు కప్పింది. కాసేపట్లో ఇల్లు వేడెక్కింది. కప్పు నుంచి ఒక చుక్క పడబోతే చిటికెడు మంచు అద్ది ఆపింది.

మధ్యాహ్నం రేడియో గరగరలాడింది. ఆ వేళకు ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ రేడియో మోగుతుంది, ప్రతి వంటిల్లూ వింటుంది.

"అకిత్తిక్, ఎలా ఉన్నారు?" మకిక్ గొంతు.

"బాగున్నాం. గోడకు ఒక చోట సందు పడింది. తప్పు నాదే. పూడ్చాను."

"గాలిలోకి వెళ్ళా?"

"గోడ బయటి వైపు లోపలికి రానంది మరి!"

"సరే. ఉయరాక్‌ని పిలువు. ఆయన మాట కావాలి."

"ఆయన ఇప్పుడు మాట్లాడడు."

"అదేం కుదరదు. వేడిగా ఉందో లేదో ఆయనే చెప్పాలి."

అకిత్తిక్ ముసలాయన వైపు చూసింది. రేడియోను ఆయన ముక్కు దగ్గర పెట్టి మీట నొక్కింది. ఉయరాక్ గురక మొదట కింది నుంచి లేచింది, మధ్యలో ఓ మలుపు తిరిగింది, చివర ఈల వేసింది. మళ్ళీ మొదటికొచ్చింది. ఊరు ఊరంతా విన్నది. మూడో గురకకు ఎవరి వంటింట్లోనో టీ కప్పు కింద పడ్డ చప్పుడూ, ఆపుకోలేని నవ్వూ వినిపించాయి.

ఆ నవ్వుల మధ్యే మకిక్ అడిగాడు. "దళం జాకెట్ ఏ కొలత కావాలి?"

"పెద్దది. లోపల స్వెటర్ వేసుకోవాలి."

ఉయరాక్ ఒక కన్ను తెరిచాడు. "ఎవరమ్మా?"

"ఎవరూ కాదు. పడుకో నాన్నా," అంది అకిత్తిక్.